ఇరవయ్యో కాగితం

కొత్తపట్నం,
3 ఫిబ్రవరి 1962

ప్రియమైన గౌస్ బాషాకి,

ఇక్కడ కులాసా. నువ్వూ, మా చెల్లెమ్మ జైతున్‌బీ, పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. రెబ్కా బాగానే ఉంది. మీ అందరినీ అడిగినట్టు రాయమంది.

ఒక పని పడి రాస్తున్నాను. జనవరిలో మా మిషను స్కూలు వాళ్ళు నన్ను పది రోజుల క్లాసుకి ఒంగోలు పంపారు. ఏదో ట్రైనింగు కాలేజీ నుంచి ఒక లెక్చరరు అమ్మగారు వచ్చి, మనిషి స్వభావాన్నీ మనశ్శాంతినీ కొలిచే పద్ధతి చెప్పారు. జ్వరం చూసే గొట్టం ఉన్నట్టే మనసుకి కూడా ఒకటి ఉందట. అది కాగితం. నలభై ప్రశ్నలు, ప్రతిదానికీ ‘అవును’, ‘కాదు’ అని రెండు గడులు. అవునుకి ఒక మార్కు. పది లోపు వస్తే ప్రశాంతం, ఇరవై లోపు కొంచెం కలత, ఇరవై దాటితే జాగ్రత్త పడాలి. పేరు అక్కర్లేదు.

మాలో ఒక్కొక్కరం ఇరవై మంది చేత నింపించి, ఫలితాలకి అర్థం రాసి, మార్చి నెలాఖరుకి పంపాలి. ఇక్కడి జాలర్లు కాగితం చూస్తేనే పడవ ఎక్కేస్తున్నారు. నీ కొట్టు దగ్గరికి రోజూ వందమంది వస్తారు కదా. ఇరవై కాగితాలూ ఇందులో పెట్టాను. ప్రశ్న చదివి, వాళ్ళేమంటే ఆ గడిలో టిక్కు పెట్టు. నీ సొంత కవిత్వం కలపకు.

వీలైనంత త్వరగా పంపు.

నీ,
సంజీవరావు


సత్తెనపల్లి,
18 ఫిబ్రవరి 1962

ఒరేయ్ సంజీవీ, సలాం!

అచ్చు అక్షరాలు చూసి కోర్టు నోటీసనుకుని కంగారుపడకు, నేనే. తెలుగు టైపు మిషను కొన్నా, సెకండ్ హ్యాండుది. గోతాలూ పురికొసా అమ్ముకునేవాడికి మిషనెందుకురా అంటావు. జైతున్‌బీ కూడా అదే అంది. ఇప్పుడు బజారులో ఎవరికి అర్జీ కావాలన్నా నా దగ్గరికే వస్తున్నారు, వచ్చినవాళ్ళు ఊరికే పోలేక నాలుగు గోతాలు కొంటున్నారు. రెండు వేళ్ళతోనే కొడతా గానీ గుర్రంలా పోతుంది. ఒకటే చిక్కు. దీని చప్పుడు వినపడితే చాలు, అందరూ వచ్చి నా భుజం మీంచి చూస్తారు. ఇప్పుడు కూడా హమాలీల మేస్త్రి బుడే నా వెనకే నిలబడ్డాడు. చదువు రాదు, అయినా చూస్తాడు.

నీ కాగితాలు వచ్చాయి. బాబోయ్, ఏం పరీక్షరా అది! పదేళ్ళలో మా బజారు ఇంత నవ్వలేదు.

మిరపకాయలు దిగుతున్న రోజులు, పైగా రంజాను నెల. సాయంత్రం రోజా విడవడానికి ఇంకో గంట ఉందనగా, ఎవరికీ ఒంట్లో ఓపిక ఉండదు, మాటలు మాత్రం ఉంటాయి. అప్పుడు మొదలుపెట్టా. ‘కారణం లేకుండా కళ్ళ వెంట నీళ్ళు వస్తాయా?’ అని చదివా. కాయల తొడిమలు తీసే ఎలీసమ్మ పక్కున నవ్వింది. “ఈ బజార్లో నీళ్ళు కారని కళ్ళు ఎవరికున్నాయో చూపించండి గౌసు గారూ!” అంది. అమ్మా, ‘కారణం లేకుండా’ అని ఉంది, మనకి కారణం ఎదురుగా కుప్పలు పోసి ఉందిగా అన్నా. “కారణం ఉందని కళ్ళకి తెలుస్తుందా? పెట్టండి అవును” అంది. పెట్టా.

‘గుండెల్లో మంటగా ఉంటుందా?’ అందరూ అవును. ‘ఉన్నట్టుండి ఊపిరి ఆడనట్టు ఉంటుందా?’ కుప్పలు తిరగేసేవాళ్ళంతా అవును. ‘పగటిపూట తిండి మీద ధ్యాస తగ్గిందా?’ అని చదివితే మా సాయిబులంతా, రోజా పట్టుకున్నవాళ్ళని ఇదేం ప్రశ్నయ్యా అని కాగితం లాక్కోబోయారు. ‘తెల్లవారకముందే మెలకువ వచ్చేస్తోందా?’ రాకపోతే జైతున్‌బీ ఊరుకుంటుందా, సహరీ అన్నం తినమని కాళ్ళు పట్టి లాగుతుంది. ‘అందరూ మీ గురించి మాట్లాడుకుంటున్నారని అనిపిస్తుందా?’ దీనికి కొట్లవాళ్ళంతా ఒకటే మాట: “అనిపించడం ఏంటి, మాట్లాడుకుంటారు.”

బుడే మాత్రం మొరాయించాడు. ‘రేపటి గురించి భయంగా ఉంటుందా?’ అని అడిగితే, “బస్తా వీపు మీదున్నప్పుడు కాదు. దించి కూచున్నాక అవును. మజ్జెలో గడి ఏదీ?” అన్నాడు. లేదన్నా. “లేకపోతే గియ్యి” అన్నాడు. స్కేలు పెట్టి మూడో గడి గీసి పైన ‘అప్పుడప్పుడు’ అని రాశా. ఇంక అది చూసి మిగతావాళ్ళంతా మాక్కూడా కావాలని గొడవ. అన్ని కాగితాల మీదా గీశా. కోప్పడకు.

ఫలితం చెప్పమంటావా? మా బజారు మొత్తం ఇరవై దాటింది. అందరం జాగ్రత్త పడాల్సినవాళ్ళమే. ఒక్క జైతున్‌బీకి ఏడు వచ్చాయి. నేను ఇంట్లో లేనప్పుడు మా అమ్మాయి చేత నింపించుకుందట, అందుకే అంత ప్రశాంతం.

ఇంకో తమాషా. ఇరవై పంపానన్నావుగా, లెక్కపెడితే ఖాళీవి పంతొమ్మిదే. ఇరవయ్యోది ఎవరో నింపేసి ఉంది. పేరు లేదు. వృత్తి బడిపంతులట, పెళ్ళయిందట. ముప్ఫై ఒక్క అవునులురా! మమ్మల్నందర్నీ మించిపోయాడు. “ఎవరయ్యా ఈ ఫస్టు క్లాసు?” అని అందరూ అడిగితే పైకి చదివా. ‘పని మొదలుపెట్టి ఎందుకు మొదలుపెట్టారో మర్చిపోతారా?’ అవును. ‘పిలిచినా పలకబుద్ధి కాదా?’ అవును. ప్రతిదానికీ నవ్వులే. ముప్ఫై ఎనిమిదోది ‘పొద్దున మెలకువ రాకపోతే బావుండునని అనిపిస్తుందా?’ దానికీ అవును. ఇద్దరు ముగ్గురు నవ్వారు. బుడే లేచి తువ్వాలు దులుపుకుని, “చాల్లే గౌసూ, అది మనం చదవాల్సింది కాదు” అని పోయాడు. ముసలాడికి నాలిక పిడచగట్టుకుపోయి చిరాకు. ఎవరిదిరా ఆ కాగితం? పంపెయ్యనా?

అన్నట్టు చెల్లెమ్మకి ఏం బిడ్డ? దసరా నాటికి కాన్పు అన్నావు. తర్వాత రెండు ఉత్తరాలు రాశావు, ఆ ఊసే లేదు. నేనూ గోతాల హడావిడిలో అడగలేదు. జైతున్‌బీ ఎర్ర ఉన్నితో టోపీ అల్లి పెట్టి రోజూ నా ప్రాణం తీస్తోంది.

నీ,
గౌస్ బాషా


కొత్తపట్నం,
22 ఫిబ్రవరి 1962

గౌసూ,

నీ ఉత్తరం, పంతొమ్మిది కాగితాలు అందాయి.

కాగితాల మీద మూడో గడి గీయకుండా ఉండాల్సింది. మిరపకాయల రోజుల్లో, ఉపవాసాల్లో నింపినవి కాబట్టి వీటికి అర్థం చెప్పడం కష్టం. తప్పు నాదే, చూసుకుని పంపాల్సింది.

ఆ ఇరవయ్యో కాగితం ఒంగోలు క్లాసులో నా పక్కన కూర్చున్న ఒక టీచరుది. పొరపాటున కలిసింది. దాన్ని నలుగురిలో చదవకుండా ఉండాల్సింది. వెంటనే కవరులో పెట్టి నాకు పంపించు. ఇంకెవరికీ చూపించకు.

పని ఒత్తిడిలో ఉన్నాను.

సంజీవరావు


సత్తెనపల్లి,
26 ఫిబ్రవరి 1962

సంజీవీ,

ఇది చేత్తో రాస్తున్నా. ఇంట్లో కూర్చుని రాస్తున్నా. మిషను చప్పుడుకి మనుషులు పోగవుతారు, ఈ ఉత్తరానికి ఎవరూ వద్దు. నా రాత నీకు తెలుసుగా, కొంచెం ఓపిగ్గా చదువు.

నీ ఉత్తరం వచ్చాక ఆ కాగితం మళ్ళీ తీశా. ఈసారి ఒక్కణ్ణే కూర్చుని మొదటినుంచి చివరిదాకా చదివా. ఆ టీచరెవరో గానీ ఆయనకి నేను క్షమాపణ చెప్పుకోవాలి. మనిషి మనసు విప్పి పెట్టిన కాగితాన్ని కొట్టు అరుగు మీద కూర్చుని హాస్యం చేశా. ముందు నవ్వింది నేనే. బుడేకి తెలిసింది నాకు తెలియలా. మొన్న ఆయన్ని అడిగా, ఎట్టా కనిపెట్టావు అని. “నవ్వడానికి చెప్పే మాట ఒకటి ఉంటది, ఎవరికీ చెప్పలేక గీసే గీత ఒకటి ఉంటది” అని, బస్తా ఎత్తుకుని పోయాడు.

ఆ టీచరు నీకు బాగా తెలిసినవాడేనా? అడుగుతున్నానని ఏమీ అనుకోకు. కాగితం పైన ‘వివాహితులా?’ అన్నచోట అవును అని ఉంది. ‘ఇంట్లో మొత్తం మనుషులు’ అన్నచోట ‘ఒకరు’ అని ఉంది. ఆ ఒక్కరూ ఆయనే గదా. మరి భార్య ఏమయిందిరా? ఆ రోజు పైకి చదివేప్పుడు ఇది నా కంటికి ఆనలా. ఇప్పుడు ముప్ఫై ఎనిమిది కంటే నన్ను ఇదే తినేస్తోంది. ముప్ఫై ఎనిమిది అనిపించిన మనిషి ఇంట్లో ఒక్కడే ఉండకూడదు.

మా పని సంగతి ఒకటి చెబుతా, ఆయనకి చెప్పు. కొందరు తొందరపడి మిరపకాయలు పూర్తిగా ఆరకుండానే గోతంలో తొక్కి కుట్టేస్తారు. పైకి ఎర్రగా నిగనిగలాడుతుంటుంది, కుట్టు కూడా బ్రహ్మాండంగా ఉంటుంది. చూసి కనిపెట్టలేవు. కుట్టు విప్పి మోచేతిదాకా చెయ్యి దూర్చాలి. లోపల వెచ్చగా తగిలిందనుకో, బుడే ఇంక ఒక్క మాట మాట్లాడడు. ఎవరిది, ఎందుకిలా చేశారు, ఏమీ అడగడు. బేరం ఆపేసి అక్కడికక్కడే గోతం కుమ్మరించేస్తాడు, ఎండలో పరిచేస్తాడు. రెండు రోజులు ఆలస్యమైతే కాయలన్నీ తెల్లబోయి తాలుకాయలైపోతాయి. ఆ పూటే కుమ్మరిస్తే చాలావరకు దక్కుతాయి. గోతాన్ని మాత్రం ఎవరూ తిట్టరు.

కాగితం నేను పోస్టులో వెయ్యను. నా గల్లాపెట్టెలో, అడుగున, తాళం వేసి ఉంచా. ఎవరిదో వాళ్ళ చేతికే ఇస్తా.

టోపీ గురించి మళ్ళీ రాయను.

ఆ టీచరు ఏమన్నాడో తిరుగు టపాలో రాయి. పోస్టుమాను సైకిలు మలుపు తిరిగినప్పుడల్లా లేచి నిలబడుతున్నా. గోతాలు లెక్కపెట్టేప్పుడు కూడా అంకెలు తప్పుతున్నాయి.

గౌసు


కొత్తపట్నం,
4 మార్చి 1962

గౌసూ,

నాలుగు రోజులనుంచి ఈ కాగితం ముందు పెట్టుకుని కూర్చుంటున్నాను.

ఆ టీచరుని అడిగాను. చెప్పాడు.

ఆయన భార్యకి తొలి కాన్పు. మనలో తొలి కాన్పుకి పుట్టింటికి పంపడం ఆనవాయితీ గదా. ఏడో నెలలో పంపాల్సింది. స్కూల్లో ఇన్‌స్పెక్షను ఉంది, అది అయ్యాక నేనే తీసుకెళ్తాను అన్నాడట. ఇన్‌స్పెక్షను రెండుసార్లు వాయిదా పడింది. ఆయన కూడా ప్రయాణం వాయిదా వేసుకుంటూ వచ్చాడు. చివరికి ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజు పొద్దున్నే ఆవిడ నడుం నొప్పి అంది. మళ్ళీ తనే, ఏం కాదు, నెలలు నిండలేదుగా, మీరు వెళ్ళండి అంది. ఆయన వెళ్ళాడు. పిల్లల చేత ఎక్కాలు అప్పజెప్పించి, ఇన్‌స్పెక్టరు చేత శభాష్ అనిపించుకుని, మధ్యాహ్నం ఇంటికొచ్చాడు. అప్పుడు బండి కట్టించాడు. ఒంగోలు దాకా ఇసక దారి. ఎద్దులు ఎంత నడిస్తే అంతే కదా.

మగపిల్లవాడు. దక్కలేదు.

ఆవిడ ఒక్క మాట అనలేదట. అదే ఆయన్ని కాల్చేస్తోంది. ఆస్పత్రి నుంచే తల్లి వచ్చి పొన్నూరు తీసుకెళ్ళింది. అప్పటినుంచి ఆరు నెలలు. ఆవిడ దగ్గరనుంచి రెండు ఉత్తరాలు వచ్చాయి. ఆయన విప్పలేదు. అందులో ఆ మాట ఉంటుందని భయం. విప్పకపోతే ఆ మాట ఇంకా అననట్టే కదా అని ఒక పిచ్చి లెక్క. బళ్ళో పిల్లలు పలకలు చూపిస్తూ నిలబడితే వాళ్ళేం అడుగుతున్నారో తెలియదు. మూడో ఎక్కం చెబుతూ మధ్యలో ఆగిపోతాడు. ఊళ్ళో వాళ్ళు అమ్మగారు ఎలా ఉన్నారు అంటే బాగుంది అంటాడు. దూరాన ఉన్న స్నేహితుడికి కూడా బాగానే ఉంది, అడిగినట్టు రాయమంది అని రాస్తాడు.

ఒంగోల్లో ఆ అమ్మగారు, ముందు మీరు ఒక కాగితం నింపి చూడండి, పేరు వద్దు, ఎవరూ చూడరు అన్నారు. ఎవరూ చూడరు అన్నారు కాబట్టి నిజం పెట్టాడు. ఆరు నెలల్లో ఆయన చెప్పిన ఒకే ఒక్క నిజం అది. అది మీ బజారుకి చేరింది.

ఇంక ‘ఆయన’ అనడం నా వల్ల కావడం లేదు గౌసూ. పక్క టీచరుదని నేను రాసిన ఉత్తరం అందిన రోజే నీకు తెలిసిపోయి ఉంటుంది.

కాగితం పంపు. లేదా చింపెయ్యి. నవ్వినందుకు నీ మీద కోపం లేదు. నిజం చెప్పాలంటే, అది విని ఎవరో ఒకరు లేచి వెళ్ళిపోయారని నువ్వు రాసిన ఆ ఒక్క వాక్యం చాలాసార్లు చదువుకున్నాను.

సంజీవరావు


సత్తెనపల్లి,
7 మార్చి 1962

ఒరేయ్ సంజీవీ,

నీ ఉత్తరం ఇప్పుడే వచ్చింది. పోస్టుమాను ఇంకా కొట్టు ముందే ఉన్నాడు, ఇది ఆయన చేతికే ఇస్తా, అందుకని గబగబా రాస్తున్నా.

వస్తున్నా. నెలవంక రేపో ఎల్లుండో కనపడుతుంది. పండగ నమాజు అవగానే, ఇంట్లో నాలుగు ముఖాలు చూసుకుని బయల్దేరతా. సోమవారం సాయంత్రానికి నీ గుమ్మంలో ఉంటా. సీజను మధ్యలో కొట్టెలా అంటావేమో. జైతున్‌బీ కూర్చుంటానంది. “ఏడు మార్కులదాన్ని, నాకేం భయం, మీరు పొండి” అంది. బుడే పక్కన ఉంటానన్నాడు. ఎవరికీ ఏం చెప్పలా. ఇరవయ్యో కాగితం ఇచ్చి రావాలి అన్నా. బుడే ఊరికే తలాడించాడు.

నీ నోటుబుక్కులో చూసి నాలుగేళ్ళు లెక్కలు కాపీ కొట్టినవాణ్ణిరా. నీ టిక్కు తోక అంత పొడుగ్గా ఎవరు లాగుతారు? నువ్వు ‘పక్కన కూర్చున్న టీచరు’ అన్న ఉత్తరం చదివి రెండోసారి కాగితం తీసినప్పుడే తెలిసింది. తెలిసి కూడా టీచరు టీచరు అని రాశా, నువ్వే చెప్తావని.

ఇంకోటి. ఆ రోజు నా కాగితంలో ముప్ఫై ఎనిమిదికి ‘కాదు’ అని పెట్టా, బజారంతా చూస్తోందిగా. గోతాల గోడౌను తగలబడ్డ ఏడాది అడిగి ఉంటే వేరే గడిలో పెట్టేవాణ్ణి. అది జైతున్‌బీకి కూడా తెలియదు. నీకు చెప్తున్నా.

సోమవారం దాకా నాకో మాటివ్వు. రాత్రిళ్ళు ఒక్కడివీ ఆ ఇంట్లో పడుకోకు. చర్చిలో జక్రయ్య గారని వంటవాడున్నాడని రాశావు ఒకప్పుడు. ఆయన్ని వచ్చి పడుకోమను. ఎందుకని అడిగితే మా స్నేహితుడు చెప్పాడను, ఆ స్నేహితుడు కొంచెం పిచ్చివాడను.

చెల్లెమ్మ ఉత్తరాలు రెండూ బయటపెట్టి ఉంచు. విప్పకు. నేనొచ్చాక విప్పుదాం.

గౌసు


సత్తెనపల్లి,
20 మార్చి 1962

ఒరేయ్ సంజీవీ, సలాం.

మిషను ఇంటికి తెచ్చుకుని కొడుతున్నా. చప్పుడుకి జైతున్‌బీ ఒక్కతే వచ్చి కూర్చుంది. నువ్వు చెప్పమన్నావు కాబట్టి ఆవిడకి అన్నీ చెప్పా. టోపీ విప్పి ఉన్ని మళ్ళీ ఉండ చుట్టేసింది.

ముందు నీ సంగతి. జక్రయ్య గారు రోజూ వస్తున్నాడా లేదా? రాయి. మనిద్దరం ఒంగోలు వెళ్ళి చూపించుకున్న డాక్టరు గారిచ్చిన మందు నిద్రకని చెప్పాడు, మానకు. మళ్ళీ నెలలో చూపించుకోమన్నాడు, మర్చిపోయానంటే నేనే వచ్చి లాక్కెళ్తా. నేనున్న మూడు రోజులూ నువ్వు సగం మాటలు కూడా ఆడలా. నేనే వాగా. కానీ రెండో రోజు ఇసకలో కూర్చుని ఆ రెండు ఉత్తరాలూ విప్పి చదివి నువ్వు ఏడ్చావు చూడు, అప్పుడు మొదటిసారి నాకు కాస్త ధైర్యం వచ్చింది. అప్పటిదాకా నీ ముఖం కుట్టేసిన గోతంలా ఉంది.

ఇప్పుడు పొన్నూరు. నువ్వు అయిదు కాగితాలు చించి ఆరోదాని మీద రాసిచ్చిన ఉత్తరం జేబులో పెట్టుకుని దిగా. చెల్లెమ్మ వాళ్ళమ్మ తలుపు తీసి నన్ను చూసి ముఖం చిట్లించింది. “ఆయన రాడు, మనుషుల్ని పంపుతాడా?” అంది. తిట్టండమ్మా, తిట్టేసి మంచినీళ్ళివ్వండి అన్నా. ఇచ్చింది. కూర్చోమంది.

రెబ్కా చెల్లెమ్మ చిక్కిపోయింది. “అన్నయ్యా, ఆయన అన్నం తింటున్నారా?” అదే మొదటి మాట. నీ ఉత్తరం ఇచ్చా. అక్కడే నిలబడి చదివింది. మళ్ళీ చదివింది. తర్వాత ఏమందో విను, ఉన్నదున్నట్టు కొడుతున్నా.

“ఏడో నెలలో మా అమ్మ తీసుకెళ్ళడానికి వచ్చింది అన్నయ్యా. ఆయన స్కూల్లో ఉన్నారు. ఆయనకి వంటెవరు చేస్తారు, నేను రాను అని అమ్మని వెనక్కి పంపేశా. అమ్మ వచ్చినట్టే ఆయనకి చెప్పలా. అదే నా ఉత్తరంలో రాశా, క్షమించమని. ఆయన నుంచి జవాబు లేదు. రెండోది రాశా. దానికీ లేదు. ఇంక క్షమించరని అనుకున్నా.”

ఒరేయ్, ఆ ఉత్తరంలో ఈ సంగతి ఉందని ఇసకలో కూర్చున్న రోజు నువ్వు చెప్పావు. కానీ ఆవిడ నోట విన్నాకే నాకు పూర్తిగా తలకెక్కింది. ఆరు నెలలు మీరిద్దరూ ఒకే తప్పుని చెరో కొసా పట్టుకుని, నాదంటే నాది అని లోపల్లోపల లాక్కుంటూ కూర్చున్నారు. ఎవరిదీ కాదని చెప్పడానికి నేను డాక్టర్ని కాదు. అడిగితే ఆ ఒంగోలు డాక్టరేగా చెప్పాడు, ముందే ఆస్పత్రికి వచ్చినా దక్కేవాడో కాదో ఎవరూ చెప్పలేరని.

వెంటనే నాతో బయల్దేరుతుందేమో అనుకున్నా. రాలేదు. “నాకింకా కొంచెం టైము కావాలి అన్నయ్యా. ఆ ఇంటి గుమ్మం ఇప్పుడే తొక్కలేను. ఆయన్నే రమ్మనండి. ఈస్టరుకి రమ్మనండి” అంది. నేను బలవంతం చెయ్యలా. వాళ్ళమ్మ మాత్రం గుమ్మం దాకా వచ్చి, “వస్తే రమ్మనండి. మాట పడటానికి సిద్ధపడి రమ్మనండి” అంది. అది పిలుపే అనుకో.

నీ పాత కాగితం నువ్వు తీసుకోలా, నీ దగ్గరే ఉంచు అన్నావు. గల్లాపెట్టెలో అడుగునే ఉంది. మిగతా కాగితాలు ఆ లెక్చరరు అమ్మగారికి పంపే ముందు, మా బజారు సంగతి, మిరపకాయల సంగతి, రోజాల సంగతి ఒక ముక్క రాసి పెట్టు. ఎండా వానా చూడకుండా కాయకి ధర కడితే ఎట్టా? మనిషిని కూడా ఏ నెలలో అడిగారో రాసుకోవాలిగా.

ఇందులో ఒక ఖాళీ కాగితం పెట్టా. నీ దగ్గరనుంచి తెచ్చుకున్న నకలు చూసి నేనే మిషను మీద కొట్టా, మూడో గడితో సహా. బుడే గీత సరిగ్గా లేదని రెండుసార్లు కొట్టించాడు. తొందరేం లేదు. ఎప్పుడనిపిస్తే అప్పుడు నింపు.

మా బజార్లో రేపటినుంచి పత్తి నింపే పెద్ద గోతాల, అదే బోరాల, హడావిడి మొదలవుతుంది. అయినా ఉత్తరం రాయడానికి నాకు టైముంది. నీకు కూడా ఉండాలి.

గౌస్ బాషా


పొన్నూరు,
23 ఏప్రిల్ 1962

గౌసూ, సలాం.

పైన ఊరి పేరు చూసి లేచి నిలబడి ఉంటావు. కూర్చో.

శనివారం వచ్చాను. మా అత్తగారు చెప్పినట్టే మాట పడ్డాను. గంటసేపు తిట్టి, తర్వాత స్నానానికి నీళ్ళు తోడింది. నిన్న ఈస్టరు ప్రార్థనకి నలుగురం కలిసి వెళ్ళాం. రెబ్కా నా పక్కనే కూర్చుంది. పాటలప్పుడు ఇద్దరం పుస్తకం తెరిచి పట్టుకున్నామే గానీ పాడలేదు. మా మామగారు మా ఇద్దరి వంతూ కలిపి పాడారు, శ్రుతి లేకుండా. రెబ్కా నవ్వింది. తర్వాత ఇంటికొచ్చి చాలాసేపు ఏడ్చింది, నేనూ ఏడ్చాను. పిల్లవాడికి పేరు పెట్టలేదని తనకి బాధగా ఉందట. నిన్న పెట్టాం. జయరావు. నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

సెలవులన్నీ ఇక్కడే ఉంటాను. జూన్‌లో తను కొత్తపట్నం వస్తుందో రాదో అప్పుడే చెప్పలేను. నేను అడగడం లేదు. ఇల్లు మారదామా అని మాత్రం అడిగాను. ఆలోచిస్తానంది.

ఆ లెక్చరరు అమ్మగారి దగ్గరనుంచి జవాబు వచ్చింది. నువ్వు చెప్పినట్టే మిరపకాయలు, రంజాను, అన్నీ రాసి పెట్టాను. ఇన్ని ఊళ్ళనుంచి కాగితాలు వచ్చాయట, ఏ నెలలో, ఏ బజార్లో నింపారో రాసింది మనం ఒక్కళ్ళమేనట. మూడో గడి ఎవరు గీశారని అడిగారు. సత్తెనపల్లి హమాలీ మేస్త్రి బుడే గారు అని రాశాను. గారు పెట్టానని ఆయనకి చెప్పు.

నువ్వు పంపిన కాగితం నింపాను. నిన్న మధ్యాహ్నం వసారాలో కూర్చుని నింపుతుంటే రెబ్కా వచ్చి చూసింది. దాచలేదు. ఇందులో పెడుతున్నాను. పైన పేరు రాశాను చూడు, పూర్తి పేరు. ‘ఇంట్లో మొత్తం మనుషులు’ అన్నచోట నలుగురు అని ఉంది, అత్తగారితో కలిపి, కాబట్టి ప్రశాంతత సంగతి నువ్వే ఊహించుకో. పంతొమ్మిది మార్కులు వచ్చాయి. మీ బజారు కంటే నయం.

ముప్ఫై ఎనిమిదోది ‘కాదు’లో పెడదామనుకున్నాను. పెడితే నువ్వు సంతోషిస్తావు, బజారంతా స్వీట్లు పంచుతావు. పెన్సిలు అక్కడిదాకా వెళ్ళింది కూడా. కానీ నీకు పంపే కాగితంలో అబద్ధం పెట్టలేకపోయాను. బుడే గారి గడిలో పెట్టాను. అప్పుడప్పుడు. మొన్నటి వారం ఒకసారి. ఇక్కడికొచ్చాక, నిన్న పొద్దున లేచి ఆ సంగతి రెబ్కాకి చెప్పాను. తను పొయ్యి మీద పాలు దించి వచ్చి నా పక్కన కూర్చుంది, అంతే.

దీన్ని పాతదాని పక్కన పెట్టి తాళం వెయ్యి. వానలు మొదలయ్యాక ఇంకొకటి కొట్టి పంపు, మళ్ళీ నింపుతాను. నువ్వు కూడా నీది మళ్ళీ నింపి నాకు పంపు, ఈసారి బజారు చూడకుండా.

పత్తి పని తగ్గాక ఒకసారి ఇటు రా. మా ఇద్దరినీ మోచేతిదాకా చెయ్యి పెట్టి చూసుకుని వెళ్ళు.

నీ,
సంజీవరావు